పావలా వడ్డీ నుంచి పదకొండు రూపాయల వడ్డీ దాకా

రిజర్వ్ బ్యాంకు 2025 డిసెంబరులో రెపో రేటును, అంటే బ్యాంకులకి తనిచ్చే అప్పు వడ్డీని, 5.50 శాతం నుంచి 5.25కి తగ్గించిన రోజు సాయంత్రం మా బాబాయ్ ఫోన్ చేశాడు. ఆయన పంచాయతీ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు, ఊళ్ళో పది మందికీ ప్రామిసరీ నోట్లు రాసిపెడుతుంటాడు, వడ్డీ లెక్క కాగితం లేకుండా నోటితోనే కట్టేస్తాడు. "ఏరా, పొద్దుటి నుంచీ టీవీలో పావు శాతం తగ్గించారు, పావు శాతం తగ్గించారు అంటున్నారు, అది మన లెక్కలో నూటికి ఎంత?" అన్నాడు. మన లెక్క అంటే నెలకి వందకి ఎన్ని రూపాయలు అని. టీవీలో చెప్పే పావు శాతం ఏడాదికి. పన్నెండుతో భాగిస్తే నూటికి రెండు పైసలు. అదే చెప్పాను. కాసేపు ఆగి, "రెండు పైసల కోసం ఆరుగురు పెద్దమనుషులు మూడు రోజులు కూర్చున్నారా?" అన్నాడు.

అవును, రేటు తేల్చే రిజర్వ్ బ్యాంకు కమిటీలోని ఆ ఆరుగురూ ఆ రెండు పైసల కోసమే కూర్చున్నారు. ఎందుకు కూర్చోవాల్సి వచ్చిందో చెప్పాలంటే బాబాయ్ లెక్కలోనే ప్రపంచం మొత్తాన్ని ఒకసారి చుట్టి రావాలి. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. 2004 తర్వాత వై.ఎస్. ప్రభుత్వం డ్వాక్రా మహిళలకి పెట్టిన పావలా వడ్డీ అంటే 3 శాతం. ఇప్పటి రెపో 5.25 అంటే 44 పైసలు, కోవిడ్ రోజుల్లో అది 4 శాతం, అంటే 33 పైసలు. అదే కోవిడ్ రోజుల్లో అమెరికాలో రేటు సున్నాకీ పావు శాతానికీ మధ్య ఉండేది, గట్టిగా లెక్కేస్తే రెండు పైసలు. టర్కీలో 2024 మార్చిలో 50 శాతం, అంటే నాలుగు రూపాయల పైచిలుకు. అర్జెంటీనాలో 2023 అక్టోబరులో 133 శాతం, పదకొండు రూపాయల వడ్డీ అన్నమాట, అదీ ఏ వీధి చివరి వడ్డీ వ్యాపారో కాదు, సాక్షాత్తూ ఆ దేశపు కేంద్ర బ్యాంకు ప్రకటించిన రేటు. ఇక జపాన్‌లో 2016 నుంచి 2024 దాకా మైనస్ 0.1 శాతం. కేంద్ర బ్యాంకు దగ్గర ఓ హద్దు మించి డబ్బు దాచుకున్న బ్యాంకు తనే ఎదురు వడ్డీ కట్టుకోవాలి. ఈ మాట వినగానే బాబాయ్ ఫోన్ పెట్టేశాడు, నేను వేళాకోళం చేస్తున్నాననుకున్నాడు.

ఒకే పనికి ఇన్ని ధరలు ఎందుకున్నాయో అర్థం కావడానికి మా వీధి చాలు. రైస్ మిల్లు ఆయనకి రూపాయికి పుట్టే డబ్బు కూరగాయల బండి నడిపే ఆమెకి మూడు రూపాయలకి గానీ పుట్టదు. ఇచ్చే మనిషి ఒకడే, ఇచ్చే రోజూ ఒకటే. ఆమె ఎగ్గొట్టే రకమేం కాదు, నిజం చెప్పాలంటే మిల్లు ఆయన కంటే టంచనుగా కట్టేది ఆమే. కానీ ఒక్క వారం జ్వరమొచ్చి పడుకుంటే ఆమెకి వెనక ఏమీ లేదు, ఆయనకి మిల్లుంది. ఆమే మెడలో గొలుసు తీసి తాకట్టు పెడితే అదే వ్యాపారి రూపాయిన్నరకి దిగొస్తాడు. అంటే వడ్డీలో కొంత భాగం డబ్బు వాడుకున్నందుకు, కొంత భాగం ఆ డబ్బు తిరిగి రాదేమోనన్న భయానికి. ఇంకో భాగం కూడా ఉంది, ఊళ్ళో దాని గురించి పెద్దగా మాట్లాడుకోరు, కానీ దేశాల లెక్కలో అసలు కథంతా దానిదే. తిరిగొచ్చే వంద రూపాయలకి అప్పటికి ఏమొస్తుంది అన్నది.

ప్రభుత్వాలకి వ్యక్తులకి లేని ఒక సౌకర్యం ఉంది, సొంత నోట్లు ముద్రించుకోవడం. రూపాయల్లో చేసిన అప్పు ఢిల్లీ ఎగ్గొట్టాల్సిన అవసరం రాదు, మరీ కాదంటే ముద్రించి ఇచ్చేయొచ్చు. కాబట్టి ఢిల్లీకి అప్పిచ్చేవాడు డబ్బు వస్తుందా రాదా అని భయపడడు, వచ్చిన డబ్బుతో పదేళ్ళ తర్వాత బియ్యం బస్తా వస్తుందా అరబస్తా వస్తుందా అని భయపడతాడు. నోట్లు లేని కాలంలో రాజులకి ఆ వెసులుబాటు లేదు, తిన్నగా ఎగ్గొట్టేవాళ్ళు. ఇంగ్లండ్‌లో 1672లో రెండో చార్లెస్ ఖజానా నుంచి అప్పుల చెల్లింపులు ఆపేస్తే లండన్‌లో అప్పిచ్చిన కంసాలి బ్యాంకర్లు కొందరు దివాలా తీశారు. ఆ జ్ఞాపకం పోకముందే 1694లో ఫ్రాన్స్‌తో యుద్ధానికి డబ్బు కావాల్సొచ్చింది. అప్పుడు పుట్టిందే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, దాని మొదటి పని ప్రభుత్వానికి 12 లక్షల పౌండ్లు 8 శాతానికి అప్పివ్వడం. రాజు ఇష్టం కాస్తా పార్లమెంటు పూచీ అయ్యాక, ఫలానా పన్ను వసూలు ఫలానా అప్పు వడ్డీకే అని రాసిపెట్టడం మొదలయ్యాక, ఆ రేటు మెల్లిగా దిగింది. 1750ల నాటికి అదే ప్రభుత్వం 3 శాతం బాండ్లు, అంటే అప్పు పత్రాలు, అమ్ముకుంటోంది. పావలా వడ్డీకి దిగడానికి వాళ్ళకి అరవై ఏళ్ళు పట్టింది. ఈ మధ్యలో ఇంగ్లండ్‌కి బంగారు గనులేం దొరకలేదు, అప్పు చేసినవాడు కట్టే తీరు మారింది, అంతే.

ఇప్పుడు మన రిజర్వ్ బ్యాంకు దగ్గరికి వద్దాం. ఇక్కడ చాలామందికి ఉన్న అపోహ ఏమిటంటే దేశంలో వడ్డీ రేట్లన్నీ ముంబైలో ఆ ఆరుగురు నిర్ణయిస్తారని. వాళ్ళు నిర్ణయించేది ఒక్క రాత్రి అప్పు ధర మాత్రమే. ఏ బ్యాంకుకైనా సాయంత్రానికి డబ్బు తగ్గితే పక్క బ్యాంకు దగ్గర తెల్లారేదాకా అప్పు తెచ్చుకుంటుంది. లేదంటే ప్రభుత్వ బాండ్లు తాకట్టు పెట్టి రిజర్వ్ బ్యాంకు దగ్గరే తెచ్చుకుంటుంది, ఆ తాకట్టు అప్పు రేటే రెపో. డబ్బు మిగిలిన బ్యాంకు రిజర్వ్ బ్యాంకులోనే దాచుకోవచ్చు, దానికి పావు శాతం తక్కువ. మరీ అత్యవసరమైతే పావు శాతం ఎక్కువకి తెచ్చుకోవచ్చు. రెపో 5.25 అయితే అటు 5, ఇటు 5.50, ఈ రెండు గట్ల మధ్యే బ్యాంకుల మధ్య అప్పు రేటు పారేలా డబ్బు వదలడం, పీల్చడం రిజర్వ్ బ్యాంకు రోజువారీ పని. ఈ బ్యాంకుల మధ్య రాత్రి అప్పుకి పేరేంటో తెలుసా? కాల్ మనీ. 2015లో విజయవాడలో గొడవైన కాల్ మనీ గుర్తొచ్చి ఉలిక్కిపడకండి. పేరు ఒకటే, అడిగిన వెంటనే తిరిగివ్వాలన్న అర్థమూ ఒకటే. ఒకటి దేశంలో అతి చవక అప్పు, ఇంకోటి ఇళ్ళు రాయించుకున్న అప్పు.

ఒక్క రాత్రి రేటు మారితే ఇరవై ఏళ్ళ ఇంటి అప్పు ఎందుకు మారాలి? మారితీరాలని రూలేం లేదు. ఇరవై ఏళ్ళంటే ఏడు వేల పైచిలుకు రాత్రులు, అవన్నీ ఎలా ఉంటాయోనని మార్కెట్ వేసుకునే అంచనాయే దీర్ఘకాలపు రేటు. అందుకే 2025లో రిజర్వ్ బ్యాంకు ఫిబ్రవరి నుంచి డిసెంబరు దాకా నాలుగు విడతల్లో మొత్తం ఒకటింబావు శాతం తగ్గించినా, కేంద్ర ప్రభుత్వ పదేళ్ళ బాండు రేటు 6.8 ప్రాంతం నుంచి 6.6 ప్రాంతానికి వచ్చి అక్కడే చతికిలబడింది. మన ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వాలు అప్పు తెచ్చేది కూడా ఈ మార్కెట్లోనే, కేంద్రం కంటే కాస్త ఎక్కువ వడ్డీకి, రిజర్వ్ బ్యాంకు ప్రతి మంగళవారం పెట్టే వేలంలో. మంగళవారం అప్పు చేయకూడదని మన ఇళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే మాట సెక్రటేరియట్ దాకా వెళ్ళినట్టు లేదు.

ఇక కాలంతో పాటు రేట్లు మారడం. ఇక్కడ మా నాన్నకీ నాకూ ఎప్పుడూ ఒకటే వాదన. "మా రోజుల్లో కిసాన్ వికాస్ పత్ర కొంటే ఐదున్నరేళ్ళకి రెట్టింపయ్యేది, ఇప్పుడు నూట పదిహేను నెలలంట" అని ఆయన వాపోతాడు. నిజమే, 1988లో ఆ పత్రాలు మొదలైనప్పుడు ఐదున్నరేళ్ళే, ఇప్పుడు తొమ్మిదేళ్ళ ఏడు నెలలు. 1986 నుంచి 2000 జనవరి దాకా పీపీఎఫ్ పొదుపు ఖాతా 12 శాతం ఇచ్చింది, ఇప్పుడు 7.1. కానీ ఆయన చెప్పని సంగతి ఒకటుంది, 1991లో దేశంలో ధరల పెరుగుదల 13 శాతం దాటింది. పన్నెండు శాతం వడ్డీ వచ్చే చోట ధరలు పదమూడు పెరిగితే ఏడాది చివర చేతికి ఎక్కువ నోట్లొస్తాయి, సంచిలోకి తక్కువ సరుకొస్తుంది. నాన్న నోట్లు లెక్కపెట్టుకున్నాడు, అమ్మ సరుకు లెక్కపెట్టుకుంది, అందుకే ఆ రోజుల గురించి ఇద్దరూ చెప్పే కథలు కలవవు.

వడ్డీ లోంచి ధరల పెరుగుదలని తీసేస్తే మిగిలేదే అసలు వడ్డీ. ఈ ఒక్క తీసివేత చేస్తే చాలా వార్తలు తలకిందులవుతాయి. 2022 ఏప్రిల్‌లో రెపో 4 శాతం, ధరల పెరుగుదల 7.79. అంటే ఆ రోజుల్లో రేటు నిజంగా మైనస్‌లో ఉంది, అప్పు చేసినవాడికి లాభం, డిపాజిట్ పెట్టుకున్న ముసలాయనకి నష్టం. మూడున్నరేళ్ళ తర్వాత, 2025 అక్టోబరులో రెపో 5.50, ధరల పెరుగుదల 0.25 శాతం, ఈ లెక్కలు మొదలైనప్పటి నుంచీ అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఐదింటి పైన అసలు వడ్డీ! పేపర్లో మాత్రం "వడ్డీలు దిగొచ్చాయ్" అనే రాశారు. అర్జెంటీనా పదకొండు రూపాయల వడ్డీ సంగతి కూడా ఇంతే. ఆ అక్టోబరుకి అక్కడ ఏడాదిలో ధరలు 142 శాతం పెరిగాయి, ఆ మరుసటి నెలలోనే ఇంకో 12.8 శాతం పెరిగాయి, కాబట్టి నెలకి పదకొండు రూపాయల వడ్డీకి డబ్బు దాచుకున్నవాడు కూడా నష్టపోయాడు. పదకొండు రూపాయలు చవకగా, 46 పైసలు ఖరీదుగా ఉండే రోజులుంటాయి.

ఇదంతా పుస్తకాల లెక్క అనిపిస్తే, హైదరాబాద్‌లో నాకు తెలిసిన ఒకాయన సంగతి చెప్తాను. 2021 జూలైలో ఫ్లాట్ కొన్నాడు, 30 లక్షల అప్పు, 6.7 శాతం, ఇరవై ఏళ్ళు, నెలకి 22,700 చిల్లర ఈఎంఐ. 2019 అక్టోబరు నుంచి ఇలాంటి మారే వడ్డీ అప్పుల్ని బ్యాంకులు రెపో లాంటి బయటి రేటుకి ముడిపెట్టాలని రూలు, చాలా వరకు రెపోకే కట్టాయి. 2022 మే 4న రిజర్వ్ బ్యాంకు ముందు చెప్పకుండా రేటు పెంచింది, అక్కడి నుంచి 2023 ఫిబ్రవరికి నాలుగు కాస్తా ఆరున్నర అయ్యింది, ఈయన రేటు 9.2 అయ్యింది. ఈఎంఐ మాత్రం మారలేదు, బ్యాంకువాళ్ళు గడువు పెంచి ఊరుకున్నారు, ఈయనా ఊరుకున్నాడు, ఆ మెసేజ్ కూడా చదవలేదంట. ఓ రోజు కలిసి కూర్చుని స్టేట్‌మెంట్ తీశాం. ఇంకా 29 లక్షల 20 వేలు బాకీ. దాని మీద నెల వడ్డీయే 22,400 దాకా ఉంది. కట్టే 22,700లో అసలుకి వెళ్ళేది మూడు వందల చిల్లర! ఇలాగే కడుతూ పోతే ఎప్పటికి తీరుతుందని కాలిక్యులేటర్లో కొడితే 46 ఏళ్ళు వచ్చింది. ఆయనకప్పటికి 39. ఆ నంబరు చూసి నవ్వాడు గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదని తర్వాత చెప్పాడు. 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు, రేటు మారినప్పుడు ఈఎంఐ పెంచుకుంటారా గడువు పెంచుకుంటారా అని అప్పు తీసుకున్నవాళ్ళని అడిగి తీరాలని చెప్పింది ఇలాంటివాళ్ళ కోసమే. ఈయన నాలుగు వేలు పెంచుకున్నాడు. బాబాయ్ అడిగిన రెండు పైసలు ముప్పై లక్షల అప్పు మీద నెలకి 625 రూపాయల వడ్డీ, దేశంలో ఉన్న ఇంటి అప్పులన్నిటి మీదా ఎంతో ఊహించుకోండి.

మరి రిజర్వ్ బ్యాంకు రేటుని అంతలా ఎందుకు ఊపుతుంది, ఒకచోట పెట్టి వదిలేయొచ్చు కదా? మన తెలుగాయన కథే చూడండి. దువ్వూరి సుబ్బారావు 2008 సెప్టెంబరు 5న గవర్నర్ కుర్చీలో కూర్చున్నారు, ఆ కుర్చీ ఖాళీ చేసి వెళ్ళినాయనా తెలుగువాడే, వై.వి. రెడ్డి. కూర్చున్న పదో రోజున అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కుప్పకూలింది. అప్పటికి రెపో 9 శాతం. ఏడెనిమిది నెలల్లో 4.75కి దించారు. లేకపోతే ఫ్యాక్టరీలు ఆగిపోతాయన్న భయం. ఆ వదిలిన డబ్బుకి తోడు కూరలు, పప్పుల ధరలు మండిపోయి ధరల పెరుగుదల పది శాతం దగ్గరికి చేరాక, 2010 మార్చి నుంచి 2011 అక్టోబరు దాకా పదమూడు సార్లు పెంచుకుంటూ 8.5కి తీసుకెళ్ళారు. దించేటప్పుడు ఆలస్యమైందని కొందరు, పెంచేటప్పుడు చిన్నచిన్న అడుగులేశారని కొందరు, అసలు పెంచడమే తప్పని పరిశ్రమవాళ్ళు. 2012 అక్టోబరులో రేటు తగ్గించకపోయేసరికి ఆర్థిక మంత్రి చిదంబరం, అభివృద్ధి కోసం ప్రభుత్వం ఒంటరిగా నడవాల్సొస్తే ఒంటరిగానే నడుస్తుందని బహిరంగంగానే అనేశారు. నా లెక్కలో ఆయన చేసింది ఎక్కువ భాగం సరైనదే, పెంచడం మాత్రం ఓ ఆరు నెలలు ముందే మొదలెట్టాల్సింది. ఆ గొడవల తర్వాతే, ధరల పెరుగుదల 4 శాతం దగ్గర ఉండాలి, అటూ ఇటూ రెండు శాతం దాటకూడదు అని చట్టం ప్రకారం లక్ష్యం పెట్టి, 2016లో ఆరుగురి కమిటీ పెట్టారు. ఇప్పుడు మంత్రికి కోపమొస్తే గవర్నర్ ఒక్కడి మీద కాదు, ఓ కమిటీ మీద రావాలి.

రేటు పెంచితే ధరలు ఎలా తగ్గుతాయో టీవీలో చెప్పేటప్పుడు అదేదో కుళాయి తిప్పినట్టు చెప్తారు. కుళాయి కాదది, ఉపవాసం. 1979 అక్టోబరులో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ (ఫెడ్) ఛైర్మన్ పాల్ వోల్కర్ మొదలెట్టిన ఉపవాసంలో రేటు 20 శాతం దాకా వెళ్ళింది, 1981 అక్టోబరులో అక్కడ ఇంటి అప్పు 18 శాతం దాటింది. మన వీధి లెక్కలో రూపాయిన్నర, అమెరికాలో! ఇళ్ళు కట్టే మేస్త్రీలు, కాంట్రాక్టర్లు చెక్క దిమ్మెల ముక్కలు కోసి, రేటు తగ్గించండి మహాప్రభో అని వాటి మీద రాసి ఫెడ్ ఆఫీసుకి పోస్టులో పంపారు. రైతులు ట్రాక్టర్లు తోలుకొచ్చి వాషింగ్టన్‌లో ఆఫీసు ముందు నిలబెట్టారు. 1982 చివరికి నిరుద్యోగం 10.8 శాతం. ధరల పెరుగుదల మాత్రం 14 దాటిన చోటు నుంచి 4 లోపుకి దిగింది. దెబ్బ అక్కడితో ఆగలేదు, మారే వడ్డీకి డాలర్ అప్పులు చేసిన మెక్సికో 1982 ఆగస్టులో ఇక కట్టలేనని చేతులెత్తేసింది. హైదరాబాదు స్నేహితుడి ఈఎంఐ కథే అది, దేశం సైజులో.

దీనికి సరిగ్గా ఎదురుదారి పట్టింది టర్కీ. వడ్డీ పెంచితే ధరలు పెరుగుతాయి, తగ్గిస్తే తగ్గుతాయి అన్నది అధ్యక్షుడు ఎర్దోవాన్ నమ్మకం. మాట వినని కేంద్ర బ్యాంకు గవర్నర్లని ఒకరి తర్వాత ఒకరిని సాగనంపి, 2021 సెప్టెంబరులో 19 శాతం ఉన్న రేటుని డిసెంబరుకి 14కి, 2023 ఫిబ్రవరికి 8.5కి దింపించారు. ఏమైంది? 2022 అక్టోబరుకి ధరల పెరుగుదల 85 శాతం. జనం జీతం పడగానే తమ కరెన్సీ లీరాలు వదిలించుకుని డాలర్లు, బంగారం కొనుక్కున్నారు, అలా కొనేకొద్దీ లీరా ఇంకా పడింది, పడేకొద్దీ దిగుమతి అయ్యే పెట్రోలు, మందులు ఇంకా పెరిగాయి. 2023 మేలో ఎన్నికలు గెలిచాక అదే ఎర్దోవాన్ కొత్త జట్టుని తెచ్చి రేటు పెంచనిచ్చారు, పది నెలల్లో 8.5 కాస్తా 50 అయ్యింది. వడ్డీ మొదట్లో రెండు రూపాయలకి పెంచి ఉంటే నాలుగు రూపాయలు కట్టాల్సిన అవసరం వచ్చేది కాదని నా అనుమానం. మొండి రోగానికి ఆలస్యంగా వేసే మందు మోతాదు ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది.

ఇక డాలస్‌లోనో, టోక్యోలోనో ఉండే మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. అక్కడ తక్కువ వడ్డీకి అప్పు తెచ్చి ఇక్కడ ఎక్కువ వడ్డీకి డిపాజిట్ వేస్తే ఆ తేడా ఊరికే వస్తుంది కదా? వస్తుంది, రూపాయి కదలకుండా కూర్చుంటే. 2011 మధ్యలో డాలరు 45 రూపాయల దగ్గర ఉండేది, 2025 మధ్యలో 85 దాటింది, అదే డిసెంబరులో 90 కూడా దాటింది. ఆ పద్నాలుగేళ్ళలో రూపాయి సగటున ఏడాదికి నాలుగున్నర శాతం చొప్పున కరిగింది. ఇక్కడ అదనంగా వచ్చిన వడ్డీలో సింహభాగం తిరిగి డాలర్లుగా మార్చుకునేటప్పుడు అక్కడే పోయింది. ఇదేదో యాదృచ్ఛికం కాదు. మన దగ్గర ధరలు మామూలుగా అమెరికా కంటే వేగంగా పెరుగుతాయి కాబట్టే వడ్డీ ఎక్కువ, ధరలు వేగంగా పెరుగుతాయి కాబట్టే రూపాయి పడుతుంది, రెండూ ఒకే జ్వరానికి రెండు లక్షణాలు. కాకపోతే రూపాయి ఏటా బుద్ధిగా నాలుగున్నర చొప్పున పడదు, మూడేళ్ళు కదలకుండా ఉండి ఒక్క ఎండాకాలంలో పదిహేను శాతం పడుతుంది, ఆ మూడేళ్ళే మనిషిని మోసం చేసేది.

2013లో అలాంటి ఎండాకాలమే వచ్చింది. బాండ్లు కొనడం మెల్లిగా తగ్గిస్తామని అమెరికా ఫెడ్ ఛైర్మన్ బెర్నాంకీ మేలో ఓ మాట అన్నారంతే, మన దేశం లోంచి డాలర్లు బయటికి పరిగెత్తాయి, ఆగస్టు 28కి డాలరు 68 దాటింది. జూలైలో సుబ్బారావు బ్యాంకుల అత్యవసర అప్పు రేటుని ఒక్క రాత్రిలో 8.25 నుంచి 10.25కి పెంచారు. సెప్టెంబరులో కొత్త గవర్నర్ రఘురాం రాజన్ వచ్చి ప్రవాసులకి ఓ తలుపు తెరిచారు. డాలర్లలోనే డిపాజిట్ వేయండి, డాలర్లలోనే తీసుకోండి, మధ్యలో రూపాయి పడితే ఆ నష్టం మీది కాదు, బ్యాంకులకి మేం ఏడాదికి 3.5 శాతానికే కాపు కాస్తాం అన్నది దాని సారాంశం. మూడు నెలల్లోపే దాదాపు 2,600 కోట్ల డాలర్లు వచ్చిపడ్డాయి. ఆ మూడేళ్ళ డిపాజిట్ల కోసం విదేశీ బ్యాంకులు ప్రవాసులకి ఎదురు అప్పులిచ్చి మరీ వేయించాయి. చూడ్డానికి వడ్డీ కథలా ఉంది గానీ, వాళ్ళని కదిలించింది వడ్డీ కాదు, రూపాయి భయాన్ని ఇంకొకరు మోస్తామనడం.

జపాన్‌ది ఇంకో రకం. అక్కడ 1990లలో భూముల బుడగ పగిలాక, జనాభా ముసలిదయ్యాక, అప్పు అడిగేవాడే లేడు. 1999లో రేటు సున్నాకి చేరింది, ఆ తర్వాత పాతికేళ్ళు దాని చుట్టూనే తిరిగింది. ఊళ్ళో దాచుకునేవాళ్ళే ఉండి పొలం కొనేవాడు, షాపు పెట్టేవాడు లేకపోతే వడ్డీ వ్యాపారి ఏం చేస్తాడు? పక్క ఊరికి తిప్పుతాడు. ప్రపంచమంతా జపాన్‌లో యెన్లు అప్పు తెచ్చి అమెరికా షేర్లూ, మెక్సికో బాండ్లూ కొనడం అలా అలవాటైంది. 2024 జూలై చివర జపాన్ తన రేటుని పావు శాతానికి పెంచింది. చూడండి, మళ్ళీ ఆ రెండు పైసలే. అదే వారం అమెరికాలో ఉద్యోగాల లెక్కలు కూడా బాగా రాలేదు. యెన్ పెరిగితే తీర్చాల్సిన అప్పు కూడా బరువెక్కుతుంది, అది చూసి అప్పులు తెచ్చినవాళ్ళు అన్నీ అమ్ముకుని తీర్చేద్దామని ఒకేసారి తలుపు దగ్గరికి ఉరికారు. ఆగస్టు 5న టోక్యో షేర్ల సూచీ ఒక్క రోజే 12 శాతం పైన పడింది, మన సెన్సెక్స్ 2,200 పాయింట్లకి పైగా పోయింది. ఆ రోజు మన మార్కెట్‌ని అంతగా పడేసే వార్త మన దేశంలో ఒక్కటి కూడా లేదు.

యూరప్‌లో మైనస్ రేట్ల కాలం ఇంకా విచిత్రంగా నడిచింది. డెన్మార్క్‌లో ఒక బ్యాంకు 2019లో పదేళ్ళ ఇంటి అప్పు మైనస్ అర శాతానికి ఇచ్చింది, ఫీజులు పక్కన పెడితే తీసుకున్నదాని కంటే తక్కువ కట్టాలి. అదే యూరప్‌లో, 1992లో, కరెన్సీ పడిపోకుండా కాపాడుకోవడానికి స్వీడన్ కేంద్ర బ్యాంకు కొన్ని రోజుల పాటు 500 శాతం రేటు పెట్టింది, బాబాయ్ లెక్కలో నూటికి నలభై ఒక్క రూపాయల పైనే. పెట్టినా కాపాడుకోలేక నవంబరులో వదిలేసింది. 1694 నుంచి 2008 దాకా మూడు శతాబ్దాల పైన, నెపోలియన్‌తో యుద్ధమైనా, రెండు ప్రపంచ యుద్ధాలైనా 2 శాతం కిందికి దిగని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ రేటు 2009లో దిగింది, 2020లో 0.1కి చేరింది. ముసలి జనాభా ఎక్కువ దాచుకోవడం వల్ల అనేవాళ్ళున్నారు, చైనా లాంటి దేశాల పొదుపు అంతా అమెరికా బాండ్లలోకి వెళ్ళడం వల్ల అనేవాళ్ళున్నారు, ఫ్యాక్టరీల బదులు సాఫ్ట్‌వేర్ వచ్చి పెట్టుబడి అవసరం తగ్గడం వల్ల అనేవాళ్ళున్నారు. అందరూ తలా ఒక పుస్తకం రాసేలోపు కోవిడ్, ఆ తర్వాత ఉక్రెయిన్ యుద్ధం వచ్చాయి. 2022 జూన్‌లో అమెరికాలో ధరల పెరుగుదల 9.1 శాతమైంది, ఆ ఏడాది మార్చి నుంచి ఏడాదిన్నరలోపే అక్కడి రేటు సున్నా నుంచి ఐదుంబావు పైకి ఎక్కింది. 2021లో మూడు శాతం లోపు ముప్పై ఏళ్ళ మారని వడ్డీకి ఇల్లు కొన్న మన ఆస్టిన్, డాలస్ వాళ్ళు ఇప్పుడు ఉద్యోగం మారినా ఇల్లు అమ్మడం లేదు, అమ్మితే ఆ వడ్డీ మళ్ళీ పుట్టదని. హైదరాబాద్ స్నేహితుడి అప్పు వడ్డీ రెపోతో పాటే మారుతుంది, వాళ్ళది ముప్పై ఏళ్ళు మారదు, అందుకే అక్కడ రేటు పెరిగితే కొత్తగా కొనేవాడికి దెబ్బ, ఇక్కడ పెరిగితే ఎప్పుడో కొన్నవాడికి కూడా దెబ్బ.

ఇవన్నీ చెప్పడానికి బాబాయ్‌కి మర్నాడు మళ్ళీ ఫోన్ చేశాను. మైనస్ వడ్డీ నిజమేనని ఒప్పుకోవడానికి చాలాసేపు పట్టింది. అంతా విని ఆయన అడిగింది ఒకటే. "వచ్చే నెల నా డిపాజిట్ గడువు తీరుతుంది, ఏడు శాతం కూడా ఇవ్వనంటున్నారు. ఏడాదికి వేయనా, ఐదేళ్ళకి వేయనా?" ధరలు ఇలాగే చల్లగా ఉంటే ఐదేళ్ళకి వేసుకోవడమే మంచిది, మళ్ళీ మండుతాయనుకుంటే ఏడాదికే వేసుకుని చూడాలి అన్నాను. "అంటే నీకూ తెలీదు" అన్నాడు. సగం ఐదేళ్ళకి వేశాడంట. మిగతా సగం రైస్ మిల్లు ఆయనకి, నోటు రాయించుకుని, రూపాయికి.